పాప మందు కోసం ప్లాటు అమ్మేయాలా?

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు, 12 కిలోల బరువు. గౌషే జబ్బని తేలింది, అంటే ఒంట్లో ఒక ఎంజైమ్ తక్కువగా ఉండే జన్యు వ్యాధట. రెండు వారాలకోసారి ఎంజైమ్ ఎక్కించాలన్నారు. మాది కరీంనగర్. నా జీతం 42 వేలు, కంపెనీ ఇన్సూరెన్స్ 5 లక్షలు. 22 లక్షలు పలికే ప్లాటు ఉంది. అది అమ్మి వైద్యం మొదలుపెట్టమంటారా?

జవాబు: ఇప్పుడే అమ్మకండి. ఈ మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది. డాక్టరు కిలోకు 60 యూనిట్లు రాశారనుకుందాం. విడతకు 720 యూనిట్లు, అంటే 400 యూనిట్ల సీసాలు రెండు, ఏడాదికి 52. పాప 24 కిలోలకు చేరితే అవే 104. వైద్యమేమో జీవితాంతం. ప్లాటును మాత్రం ఒక్కసారే అమ్మగలరు.

ముందు హైదరాబాద్ నిమ్స్‌కు వెళ్లండి. అరుదైన వ్యాధుల జాతీయ విధానం (2021) కింద దేశంలో గుర్తించిన కేంద్రాల్లో సీడీఎఫ్‌డీతో (హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరిశోధన, పరీక్షల సంస్థ) కలిసి అదీ ఒకటి. గౌషే ఆ విధానంలోని జబ్బుల జాబితాలో మూడో గ్రూపులో (చికిత్స ఉన్నా చాలా ఖరీదైనవి, జీవితాంతం కావాల్సినవి) ఉంది. 2022 నుంచి ఒక్కో రోగికి రూ.50 లక్షల దాకా కేంద్రం ఇస్తోంది. ఆ డబ్బు మీ చేతికి రాదు, ఆసుపత్రికే వెళ్తుంది. అది ఏడాదికి కాదు, మొత్తానికి. కాబట్టి అయిపోయేదాకా ఆగకుండా, మందు కంపెనీలు కొందరు రోగులకు ఉచితంగా ఇచ్చే పథకం గురించి కూడా డాక్టరును మొదటి రోజే అడగండి. దరఖాస్తు ఆయన ద్వారానే వెళ్లాలి.

ఇన్సూరెన్స్ సంగతి: జబ్బు జన్యుపరమైనదన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కాదనకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. ఎంజైమ్ ఎక్కించడం డేకేర్ (అదే రోజు ఇంటికి పంపే వైద్యం) కింద వస్తుందా, 5 లక్షలు దాటితే వాడుకునేందుకు కార్పొరేట్ బఫర్ (ఉద్యోగులందరికీ ఉమ్మడిగా ఉంచే అదనపు బీమా మొత్తం) ఉందా అని హెచ్‌ఆర్‌ను మెయిల్‌లోనే అడగండి. నోటిమాట నమ్మొద్దు. రేపు వేరే ఉద్యోగం వస్తే జీతం కంటే ముందు ఈ రెండూ అడగాలి. గౌషేకు ఎక్కించే ఎంజైమ్ మందు ఇమిగ్లూసరేజ్ మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, బిల్లు చూసుకోండి.

మరి మీ సొంత డబ్బు దేనికి? ఏడాదికి 26 సార్లు హైదరాబాద్ ప్రయాణం, పరీక్షలు, జీతం కోతపడే సెలవులు. వీటికి ఏ పథకమూ ఇవ్వదనే అనుకుని కనీసం ఆరు నెలల ఖర్చు ఎఫ్‌డీలో పెట్టుకోండి. ఇంటికి మీ సంపాదనే ఆధారం కాబట్టి మీ పేరిట కోటి రూపాయల టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, నామినీగా మీ ఆవిడను పెట్టండి. ప్లాటు మాట నిమ్స్ నుంచి జవాబు వచ్చాక చూద్దాం.