ఎలక్ట్రిక్ కార్లకు రాయితీలు సరే, ఖాళీ సీట్ల సంగతేమిటి?

ఎలక్ట్రిక్ కార్లకు పన్ను తగ్గిస్తే సరిపోదా, కార్‌పూలింగ్‌ని (ఒకే దారిలో వెళ్లేవాళ్లు ఒకే కారులో కలిసి వెళ్లడాన్ని) కూడా ప్రభుత్వం పట్టించుకోవాలా అని ఒకరు అడిగారు. తప్పకుండా పట్టించుకోవాలి. ఎలక్ట్రిక్ కారు పొగ వదలదు, నిజమే. కానీ రోడ్డు మీద పెట్రోల్ కారుకి ఎంత చోటు కావాలో దానికీ అంతే కావాలి.

నార్వేలో 1990లోనే ఎలక్ట్రిక్ కార్లపై కొనుగోలు పన్ను ఎత్తేశారు, 2001లో వ్యాట్ తీసేశారు, 2005లో బస్ లేన్లలోకి రానిచ్చారు. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్‌వే. చాలా పెద్ద విజయం. అయితే రాజధాని ఓస్లో వైపు వెళ్లే బస్ లేన్లలో ఈ కార్లు ఎక్కువై బస్సులకే అడ్డం పడ్డాయి. చివరికి కొన్ని దారుల్లో రద్దీ వేళ డ్రైవరుతో పాటు ఇంకొకరైనా ఉండాలని షరతు పెట్టారు. ఆ షరతు మొదటి రోజు నుంచే ఉండాల్సిందని నా అభిప్రాయం.

ఇండోనేషియాలోని జకార్తాలో ముఖ్యమైన రోడ్లపై రద్దీ వేళ కారులో కనీసం ముగ్గురుండాలనే నియమం 1992 నుంచి ఉండేది. లెక్క కోసం డబ్బిచ్చి మనుషుల్ని ఎక్కించుకునేవారు కూడా. 2016లో దాన్ని ఎత్తేశాక పరిశోధకులు కొలిస్తే, సాయంత్రం కిలోమీటరుకి 2.8 నిమిషాలున్న ఆలస్యం 5.3 నిమిషాలైంది. అన్ని లొసుగులున్నా ఆ నియమం పనిచేసిందన్నమాట.

ఇక నా అనుభవం. మా ఆఫీసు వాళ్లం కొందరం ఒకే కారులో వెళ్తుంటాం. పొద్దున ఏ ఇబ్బందీ ఉండదు, తిప్పలన్నీ సాయంత్రమే. బయల్దేరే వేళకి ఒకరికి మీటింగ్ పడుతుంది. మిగతావాళ్లు బ్యాగులు ఒళ్లో పెట్టుకుని కారులో కూర్చుంటారు, ఫోన్‌లో ‘ఇంకో పది నిమిషాలు’ అని మెసేజ్ వస్తుంది. ఆ పది నిమిషాలు ఎప్పుడూ పది కావు. ఇది భరించలేక ఇద్దరు మానేసి సొంత కార్లు తీశారు. తర్వాత కంపెనీ ఒక హామీ ఇచ్చింది: పూల్‌లో వచ్చినవాళ్లు ఆలస్యంగానో అత్యవసరంగానో ఇంటికి వెళ్లాల్సి వస్తే ట్యాక్సీ ఖర్చు తనదేనని. దాన్ని వాడుకున్నది బాగా తక్కువ, కానీ ఆ ధైర్యంతోనే ఒకరు తిరిగొచ్చారు. అమెరికాలో చాలాచోట్ల ‘గ్యారంటీడ్ రైడ్ హోమ్’ పేరుతో ఇలాంటి పథకాలున్నాయి. ప్రభుత్వం కార్‌పూలింగ్‌కి డబ్బు ఖర్చు పెట్టదలిస్తే ముందు ఇక్కడ పెట్టాలి. యాప్‌లు, పోస్టర్లు తర్వాత.

ఇంకో మాట. ఖర్చు పంచుకోవడం వేరు, కారుని కిరాయికి తిప్పడం వేరు. ఫ్రాన్స్ చట్టం ఈ తేడాని స్పష్టంగా రాసింది: ప్రయాణ ఖర్చుల వాటా తీసుకోవచ్చు, లాభం తీసుకోకూడదు. ఇలాంటి స్పష్టత లేనిచోట, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వస్తుందా అన్న భయంతోనే చాలామంది ఖాళీ సీట్లతో వెళ్తుంటారు. మీరు మొదలుపెట్టేముందు మీ ఇన్సూరెన్స్ కంపెనీని ఇదే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.