కెమెరా దాటాక తొక్కకు

సింధూ,

నువ్వు కారు కొన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సెకండ్ హ్యాండ్‌దైతే ఏం, ఎవరి దగ్గరా చేయి చాపకుండా నీ జీతంతో కొనుక్కున్నావు. ఆ సాయంత్రమే నాతో పాటు రిటైరైన డ్రైవర్లందరికీ ఫోన్ చేసి మా మేనకోడలు కారు కొన్నదని చెప్పుకున్నాను. ఆ సంతోషం రెండు రోజులైనా నిలవనివ్వలేదు నువ్వు. దసరా సెలవులకు అమ్మను ఎక్కించుకుని ముంబయిలో మీ అన్న దగ్గరికి పోతానంటివి. ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి, ఒక్క రోజులో, నువ్వొక్కదానివే స్టీరింగ్ పట్టుకుని. వద్దని చెప్పను. చెబితే వినే రకం కాదు, అంతా మీ నాన్న పోలికే. పైగా నీ వయసులో నేను రాత్రంతా బస్సు నడిపినవాణ్ణి, నీకు వద్దని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

కానీ పుణె దాటాక ఎక్స్‌ప్రెస్‌వే మీద కెమెరాలున్నాయి జాగ్రత్త అంటే, "యాప్ ముందే చెబుతుంది మామయ్యా, అక్కడ స్లో చేస్తే సరిపోతుంది" అన్నావు చూడు, ఆ మాటకే ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది.

మామూలు సంగతులు నీకు తెలుసు. టైర్లలో గాలి, స్టెప్నీ, ఫాస్టాగ్‌లో డబ్బులు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు. తెల్లారకముందే పటాన్‌చెరు దాటెయ్. జహీరాబాద్ వరకు ఎవరేం పెట్టినా టిఫిన్ తినొద్దు, కడుపు నిండితే కళ్ళు మూతలు పడతాయి. షోలాపూర్‌లో కనీసం గంట దిగు. మీ అమ్మ "నాకేం ఇబ్బంది లేదు, పోనీ" అంటుంది. దాని మాట పట్టించుకోకు.

ఇక కెమెరాల సంగతి. మన హైదరాబాదులో నువ్వు చూసేవి చాలావరకు ఒక్క చోట వేగం పట్టేవి. చెట్టు నీడన ఆపిన జీపులోంచి లేజర్ గన్ పెడతారు, ఆ క్షణానికి నీ బండి ఎంతలో ఉందో అదే లెక్క. ఎక్కువుంటే ఫోన్‌కి వెయ్యిన్నీ ముప్పై అయిదు రూపాయల చలానా వస్తుంది. అందుకే మనవాళ్ళకు ఒక అలవాటు పడింది. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద చూడు, అందరూ హాయిగా ఎనభై తొంభైలో పోతుంటారు. కెమెరా స్తంభం దగ్గరికి రాగానే ముందున్న బండి వెనక ఎర్ర లైట్లు వెలుగుతాయి, దాని వెనకది, దాని వెనకది. స్తంభం దాటగానే మళ్ళీ అందరూ ఒక్కసారే తొక్కుతారు. వీళ్ళు వేగం తగ్గించారని ఎవరనగలరు? బ్రేకు తొక్కడానికి ఒక చోటు చూసుకున్నారు, అంతే.

ముంబయి-పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద 2024 జులై నుంచి పెట్టినవాటిలో ఇంకో రకం ఉంది. రోడ్డుకు అడ్డంగా పైన ఇనుప కమాను ఉంటుంది, గ్యాంట్రీ అంటారు. దాని కింద నువ్వు దూరగానే కెమెరా నంబరు ప్లేటు చదివి టైము రాసుకుంటుంది. కొన్ని కిలోమీటర్ల తర్వాత ఇంకో గ్యాంట్రీ మళ్ళీ చదువుతుంది. రెండింటి మధ్య దూరం దానికి తెలుసు, పట్టిన టైము తెలుసు, ఇక భాగహారమే. పది కిలోమీటర్లు ఆరు నిమిషాల్లో వస్తే వంద. అయిదు నిమిషాల్లో వస్తే నూట ఇరవై, చలానా. రెండు గ్యాంట్రీల దగ్గరా నువ్వు అరవైలోనే ఉన్నా సరే, మధ్యలో చేసిందంతా అక్కడ తేలుతుంది. నీ యాప్ కూత అక్కడ దేనికీ పనికిరాదు.

నాకిది కొత్తేమీ కాదు. మా బస్సు బయలుదేరేటప్పుడు బస్టాండులో కంట్రోలర్ టైము వేసేవాడు, జహీరాబాదులో ఇంకొకాయన వేసేవాడు. ఆలస్యమైతే ఒకలా అడిగేవారు, ముందొస్తే ఇంకోలా. "ఏందయ్యా, పావుగంట ముందొచ్చినవ్, ఎక్కడ తొక్కినవ్?" అని అందరి ముందూ అడుగుతుంటే, ప్యాసింజర్లు మెచ్చుకున్న వేగమంతా సిగ్గుగా మారేది. దారిలో ఏ మలుపు దగ్గర ఎలా నడిపామో ఆయన చూడలేదు. చూడాల్సిన పనీ లేదు, పుస్తకంలో రెండు టైములుంటే చాలు. ముందొచ్చి లాభం లేదని తెలిశాక కాలు తనంతట తానే తేలికపడేది. డీజిల్ కూడా మిగిలేది, డిపోలో కేఎంపీఎల్ బోర్డు మీద, అంటే లీటరుకు ఎవరెన్ని కిలోమీటర్లు తెచ్చారో రాసే బోర్డు మీద, పేరు పైకెక్కేది.

మా పిల్ల స్కాట్లాండులో, ఎడిన్‌బరాలో ఉంది కదా, మొన్నటి ఎండాకాలం అక్కడికి పోయినప్పుడు అల్లుడు ఇన్వర్నెస్ దాకా తీసుకుపోయాడు. ఏ9 అని రోడ్డు. 2014 అక్టోబరులో దాని మీద ఈ సగటు వేగం కెమెరాలు పెట్టారు, పసుపు స్తంభాల మీద. పెట్టకముందు పెద్ద గొడవే జరిగిందట, జనం విసిగిపోయి ఓవర్‌టేకులు ఇంకా ఎక్కువ చేస్తారని. నేను పక్క సీట్లో కూర్చుని డ్రైవర్ కళ్ళతో చూస్తూ పోయాను. ముందు ఒక లారీ, దాని వెనక పడవను లాగుతున్న కారు, తర్వాత మేము. అద్దంలో వెనక బండి ఎంత దూరంలో కనబడిందో అరగంట తర్వాతా అంతే దూరంలో ఉంది. లైట్లు కొట్టేవాడు లేడు, హారన్ లేదు. అల్లుడు గంటకు యాభై మైళ్ళ దగ్గర, అంటే మన ఎనభై, ముల్లు నిలబెట్టి కబుర్లు చెబుతున్నాడు. కెమెరాల కోసం వెతకడం లేదు. అతని భుజాలు చూశాను. స్టీరింగ్ మీద చేతులు వదులుగా ఉన్నాయి. మన ఔటర్ రింగ్ రోడ్డు, అదే ఓఆర్ఆర్ మీద అట్లాంటి భుజాలు ఎవరికైనా ఉన్నాయా?

అక్కడ పరిమితి దాటేవాళ్ళు ముగ్గురిలో ఒకరుండేవారట, కెమెరాలొచ్చాక పదిహేను మందిలో ఒకరయ్యారు. ఇలాంటి కెమెరాలున్న బ్రిటన్ రోడ్లన్నీ కలిపి 2016లో రోడ్ల మీద పరిశోధన చేయించే ఆర్ఏసీ ఫౌండేషన్ అనే సంస్థ లెక్క తీయిస్తే, ప్రాణం పోయే, గట్టి దెబ్బలు తగిలే ప్రమాదాలు 36 శాతం తగ్గాయని తేలింది. అలాగని ఏ9 మీద చావులు ఆగిపోలేదు. చాలా చోట్ల మధ్యలో డివైడర్ లేని రోడ్డది, ఎదురుగా వచ్చే బండిని కెమెరా ఆపలేదు కదా. అందుకే డబుల్ రోడ్డు వెయ్యమని అక్కడి జనం ఇంకా అడుగుతూనే ఉన్నారు.

ఇంతవరకు చదివి, "సరే మామయ్యా, పరిమితిలో పోతాలే" అని ఉత్తరం మడిచిపెట్టేస్తావని తెలుసు. ఆగు. నీకింకో సంగతి చెప్పాలి. మీ నాన్న ఉన్నన్నాళ్ళూ చెప్పనివ్వలేదు.

నీ ఎడమ కనుబొమ్మ మీద గీత ఉంది కదా. మెట్ల మీద పడ్డావని నీకు చెప్పాం. అది మెట్ల మీద పడి కాలేదు. నీకు ఆరేళ్ళప్పుడు మీరంతా అలంపురం జోగులాంబ దర్శనం చేసుకుని కారులో తిరిగొస్తున్నారు. బావ మంచి డ్రైవరే, నా చేతి కిందే నేర్చుకున్నాడు. జడ్చర్ల దాటాక రోడ్డు ఖాళీగా కనబడింది, తొక్కాడు. అవతలి వైపు నుంచి వచ్చే లారీవాళ్ళు లైట్లు కొట్టారు, ముందు స్పీడ్ గన్ ఉందని. మన దగ్గర అదొక పెద్ద ఉపకారం అనుకుంటారు. బావ చూసేసరికి చింతచెట్టు కింద జీపు కనబడింది. బ్రేకు మీద నిలబడ్డాడు. వెనక ఉల్లిగడ్డల లోడుతో డీసీఎం వస్తోంది. దాని డ్రైవర్‌కు జీపు కనబడలేదు, లైట్లు కొట్టిన సంగతి తెలియదు, ముందున్న కారు ఉన్నట్టుండి ఎందుకాగిందో అర్థం కాలేదు. కొట్టేశాడు.

నాకు కబురందేసరికి షాద్‌నగర్‌లో ఉన్నాను. వెళ్ళేసరికి మిమ్మల్ని ఆస్పత్రికి తీసుకుపోయారు. నేను రోడ్డు మీద నిలబడి టైర్ల గీతలు చూశాను, పాత అలవాటు. కారు గీతలు సరిగ్గా జీపు కనబడే చోట మొదలయ్యాయి, నల్లగా, పొడుగ్గా. డీసీఎం గీతలైతే జానెడే, అంటే వాడికి తొక్కే టైమే దొరకలేదు. రోడ్డంతా ఉల్లిగడ్డలు. వాటి మధ్య నీ చెప్పు ఒకటి పడి ఉంది, చిన్నది, గులాబి రంగుది. అది చేతిలో పట్టుకుని ఆస్పత్రికి ఎలా పోయానో నాకిప్పటికీ గుర్తు లేదు.

నువ్వు వెనక సీట్లో పడుకుని నిద్రపోతున్నావట. బెల్టు పెట్టాలని అప్పుడు ఎవరికి తోచింది? కొట్టిన ఊపుకి ముందు సీటు కిందికి జారి ఇరుక్కున్నావు. డాక్టరు నీ నుదురు కుడుతుంటే బావ గోడకు ఆనుకుని, "గన్ దాటాక మళ్ళీ లాగుదామనుకున్నా" అన్నాడు. నాతో కాదు, ఎవరితోనూ కాదు. ఆ తర్వాత ఎన్నో రోజులు చలానా కోసం చూశాడు పిచ్చివాడు, అదైనా వస్తే కట్టి కాస్త బరువు దించుకుందామని. రాలేదు. గన్ ముందుకు వచ్చేసరికి బండి పరిమితిలోనే ఉంది మరి.

ఆ రోజు ఆ రోడ్డు మీద రెండు చోట్ల టైము రాసుకునే కెమెరాలు ఉండి ఉంటే, చెట్టు కింద జీపును చూసి బ్రేకు తొక్కడంలో అర్థమే ఉండేది కాదు. అప్పటికే ఎక్కువ తొక్కి ఉంటే తీరిగ్గా తగ్గించుకునేవాడు. డీసీఎంవాడు తన దారిన తాను పోయేవాడు. మనవాళ్ళు కెమెరాలను తిట్టుకుంటారు, ఖజానా నింపుకోవడానికి పెట్టారంటారు. చలానాల డబ్బు ఎవరికి పోతుందో నాకనవసరం. ఉన్నట్టుండి బ్రేకు తొక్కనివ్వని కెమెరా నాకు ఇష్టం.

కానీ దాన్నీ మోసం చేసేవాళ్ళున్నారు, అందులో నువ్వు చేరొద్దు. నూట నలభైలో పోయి, రెండో గ్యాంట్రీ రాకముందు ఫుడ్ కోర్టులో ఆగి చాయ్ తాగుతారు. సగటు సరిపోతుంది, చలానా రాదు. నూట నలభైలో టైరు పగిలితే ఆ చాయ్ కాపాడుతుందా? ఓఆర్ఆర్ మీద నూట నలభై ముట్టించానని మీ అన్నతో చెప్పావట, నాకు తెలిసింది. 2023లో అక్కడ నూట ఇరవై దాకా పోవచ్చన్నది నిజమే, అది కూడా కుడివైపు లేన్లలోనే. దాని మీద ఇరవై నువ్వెందుకు కలుపుకున్నావు? వందలో ఉంటే బ్రేకు మీద కాలు పెట్టేలోపు, ఒక్క సెకనులో, బండి ఇరవై ఎనిమిది మీటర్లు పోతుంది. నూట నలభైలో ముప్పై తొమ్మిది. 2019 నవంబరులో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీంచి కారు కింద పడి, కింద నిలబడ్డ ఆవిడ చనిపోయింది, గుర్తుందా? నలభై బోర్డు ఉన్న చోట వందకు పైన వచ్చిందా కారు. నువ్వు ఆఫీసుకు రోజూ ఆ దారినే పోతావు.

లెక్కలంటే నీకు ఇష్టం కదా, ఇదీ వెయ్యి. ఎక్స్‌ప్రెస్‌వే మొత్తం 94.5 కిలోమీటర్లు. వందలో పోతే యాభై ఏడు నిమిషాలు, నూట ఇరవైలో పోతే నలభై ఏడు. ఆ పది నిమిషాలూ మీ అన్న అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ పేరు రాసుకునేసరికే అయిపోతాయి. ఆ రోడ్డు మీద 2016 ఒక్క సంవత్సరంలో 151 మంది పోయారు.

ఘాట్ గురించి గట్టిగా చెబుతున్నా. ఖండాలా దగ్గర నీకంతా దిగుడే. అక్కడ కార్ల పరిమితి బాగా తగ్గుతుంది, బోర్డు చూసి దానికే కట్టుబడు. మూడో గేరులో వేసుకుని ఇంజన్‌తోనే బండిని పట్టు. బ్రేకు మీద కాలు ఆనించి దిగితే అది వేడెక్కి చేతులెత్తేస్తుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే లారీలుంటాయి, వాటి ముందు అస్సలు ఉండకు. అద్దంలో లారీ పెద్దదవుతోందంటే దాన్ని పోనిచ్చెయ్, పంతం వద్దు. ఆ కెమెరాలు సీటు బెల్టు, ఫోను, లేను మారడం కూడా చూస్తాయి. వెనక కూర్చుంటే మీ అమ్మకు కూడా బెల్టు పెట్టు. మెడ నొస్తుందంటుంది, వినకు.

ఒక్క రోజులో పోవాలన్న పట్టు వదిలెయ్. పుణెలో నా స్నేహితుడి ఇల్లుంది, ముందే చెప్పి ఉంచుతా. రాత్రి అక్కడ పడుకుని, పొద్దున వెలుతురులో ఘాట్ దిగు.

శుక్రవారం సాయంత్రం వచ్చి బండి కింద ఒకసారి చూస్తాను. అందాకా సర్వీసింగ్‌కి ఇచ్చి కడిగించకు, కడిగితే ఆయిల్ ఎక్కడ కారుతోందో కనబడదు.

మీ మామయ్య