ఎంపీసీ చదివిన అమ్మాయి కలంకారీ వైపు వెళ్తానంటే...

ప్రశ్న: మాది కాకినాడ. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి, కెమిస్ట్రీ అంటే ఇష్టం. పోయిన వేసవి సెలవుల్లో మచిలీపట్నం దగ్గర పెడనలో వాళ్ల పెద్దమ్మ ఇంటికి వెళ్లి అక్కడి కలంకారీ షెడ్లు చూసి వచ్చింది. అప్పటి నుంచి ఇంజినీరింగ్ వద్దు, చేతివృత్తుల రంగంలోకి వెళ్తానంటోంది. చుట్టాలేమో ‘బట్టల మీద అచ్చులు వేసుకోవడానికా ఇంత చదివించింది?’ అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఈ రంగంలో బతుకుతెరువు ఉంటుందా? ఏం చదవాలి? ఇంజినీరింగ్ మాన్పించడం మంచిదేనా?
– ఒక తండ్రి, కాకినాడ

జవాబు: ముందు చుట్టాల మాట సంగతి చూద్దాం. అచ్చు వేసే పనిలో చిన్నతనం ఏమీ లేదు. కాకపోతే ఆ పనికి ఇప్పుడు వచ్చే కూలితో ఇల్లు గడవడం కష్టమన్నది నిజం. అచ్చు వేసేవాళ్లకు ఏ రోజు పనికి ఆ రోజు కూలో, వేసిన బట్టను బట్టి లెక్కో ఇస్తారు. వాళ్ల పిల్లలే వేరే పనులు వెతుక్కుంటున్నారు. అందుకే మీ అమ్మాయి ‘కలంకారీ అంటే ఇష్టం’ అని ఊరుకుంటే చాలదు. అందులో ఏ పని ఇష్టమో చెప్పగలగాలి. ఒక దుప్పటి పెడనలో తయారై హైదరాబాద్ షోరూముకో, విదేశాలకో చేరేలోపు డిజైన్ గీసేవాళ్లు, రంగు చూసేవాళ్లు, ధర కట్టేవాళ్లు, ఆర్డర్లు తెచ్చేవాళ్లు అందరి చేతులూ పడతాయి. రెండు వందల ఏళ్ల నాటి దుప్పటి అయితే మ్యూజియంలో దాన్ని పాడవకుండా చూసేవాళ్లు కూడా ఉంటారు. ఒక్కో పనికి చదువు వేరు, జీతం వేరు.

‘కెమిస్ట్రీ అంటే ఇష్టం’ అని మీరు మామూలుగా ఒక ముక్క రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగాను.

పెడన షెడ్డులో జరిగేది చాలావరకు కెమిస్ట్రీయే. గంజి పోయేదాకా ఉతికిన ముతక బట్టను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. పాత ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడితే ఇనుప ద్రావణం తయారవుతుంది. టేకు అచ్చును అందులో అద్ది కరక్కాయ బట్ట మీద వేస్తే గీత నల్లబడుతుంది. ఇనుమూ టానినూ కలిసి నీళ్లలో కరగని నలుపుగా మారతాయి. ఆ నలుపు ఉతికినా పోదు.

ఎరుపు ఇంకా తమాషా. ఎర్రగా రావాల్సిన చోట వేసేది ఎరుపు కాదు, పటిక. జిగురు కలిపిన పటిక నీళ్లతో అచ్చు వేస్తారు, అప్పుడు బట్ట మీద పెద్దగా ఏమీ కనపడదు. తర్వాత కాలవలో ఉతికి, రాగి కాగులో ఎర్రరంగు నీళ్లలో మరిగిస్తే పటిక పడ్డ చోటే ఎరుపు పట్టుకుంటుంది. మిగిలిన చోట్ల అంటిన లేతరంగు ఎండలో ఆరేసి తడుపుతుంటే వదిలిపోతుంది. పటికలోని అల్యూమినియం చుట్టూ రంగు అణువులు ఎలా చేరతాయో మీ అమ్మాయిని అడిగి చూడండి. ఇంటర్ రెండో సంవత్సరం పుస్తకంలో సమన్వయ సమ్మేళనాల (కోఆర్డినేషన్ కాంపౌండ్స్) పాఠం ఉంటుంది, అందులో లోహం చుట్టూ చేరే లైగాండ్లే ఇక్కడా పనిచేసేవి. కాలవ నీళ్లే ఎందుకు, తొట్టిలో ఉతికితే చాలదా అని కూడా అడగండి. బట్టకు పట్టని పటికను పారే నీరు వెంటనే తీసుకుపోవాలి. లేకపోతే అది తెల్లగా ఉండాల్సిన చోట చేరి అక్కడా ఎర్రమరకలు పడతాయి. కృష్ణా కాలవల పక్కన ఈ పని నిలబడటానికి అదొక కారణం.

ఒకప్పుడు ఆ ఎరుపు తీరం వెంబడి ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు నుంచి వచ్చేది. వేరులో రంగునిచ్చే పదార్థం అలిజరిన్. దాన్ని 1868లో జర్మనీ శాస్త్రవేత్తలు ల్యాబులో తయారు చేశారు, ఆ తర్వాత వేరు తవ్వేవాళ్ల అవసరం తగ్గిపోయింది. ఇప్పుడు షెడ్లలో ఎక్కువగా వాడేది ల్యాబు అలిజరినే. అణువు అదే, పుట్టిన చోటు వేరు. మరి ఆ బట్ట మీద ‘పూర్తిగా సహజ రంగులు’ అని రాయొచ్చా? వేరు తెచ్చి వాడితే ఖర్చు ఎంత పెరుగుతుంది? రెండు లాట్లలో ఎరుపు ఒకేలా రావాలంటే నీళ్లలో ఏం చూసుకోవాలి? ఉతికితే ఎంత రంగు దిగుతుంది? కాగు ఖాళీ చేసిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? షెడ్డులో పెద్దవాళ్లు వీటికి చూపుతో, చేతితో జవాబు చెప్తారు. బయట కొనేవాడు మాత్రం టెస్ట్ రిపోర్టు అడుగుతాడు. యూరప్‌లో ఏజో అనే కృత్రిమ రంగుల్లో కొన్ని రకాలున్న బట్టను అసలు అమ్మనివ్వరు. ఈ రెండు భాషలూ వచ్చినవాళ్లు కోస్తా చేతివృత్తుల్లో తక్కువ. డిజైన్ చదివి వస్తామనే పిల్లలు ఏటా కనిపిస్తున్నారు, రంగు కాగు దగ్గర నిలబడతామనే సైన్సు విద్యార్థులు అరుదు. మీ అమ్మాయి ఎంపీసీ వృథా అయిపోతుందని మీరు బెంగపడుతున్నారు. ఆమె దగ్గరున్న పెట్టుబడే అది.

ఇది కలంకారీ ఒక్కదాని సంగతి కాదు. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడ అంకుడు కర్రను తిప్పుతూ లక్కతో రంగు ఎక్కించి బొమ్మలు చేస్తారు. ఆ రంగుల్ని మళ్లీ గింజలు, బెరడు, వేర్లు, ఆకుల నుంచి తీసే దారి పట్టించినందుకే సి.వి.రాజు గారి పేరు దేశమంతా తెలిసింది, 2023లో పద్మశ్రీ వచ్చింది. పిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు కాబట్టి అందులో ఏ రంగు వాడారన్నది తల్లిదండ్రులకు మొదటి ప్రశ్న. 2021 జనవరి నుంచి దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేసినప్పుడు, హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకూ, జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్న బొమ్మలను అధీకృతంగా తయారుచేసేవాళ్లకూ మినహాయింపు ఇచ్చారు. అంటే ఒక నమోదు కార్డు ఉండటం, లేకపోవడం మీద ఒక ఇంటి అమ్మకాలు ఆధారపడ్డాయి. ఇలాంటి కాగితాలు చదివి చెప్పగలిగేవాళ్లకు కూడా ఈ ఊళ్లలో పని ఉంది.

నరసాపురం లేసుది ఇంకో కథ. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన అల్లిక అది. గోదావరి జిల్లాల్లో వేలాది ఆడవాళ్లు ఇంటి పనుల మధ్య అల్లుతూనే ఉన్నారు, 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ కొరత రంగు తెలిసినవాళ్లది కాదు, లెక్క తెలిసినవాళ్లది. ఒక టేబుల్ క్లాత్‌కు ఎన్ని గంటలు పట్టింది, ఆ గంటకు ఎంత పడింది అని కట్టి చూస్తే మధ్యలో ఎంత పోతోందో తెలుస్తుంది. ‘తీరిక వేళ పని’ అనే ముసుగులో ఆ లెక్క ఎవరూ కట్టరు. మీ అమ్మాయికి లెక్కలూ మనుషులతో మాట్లాడటమూ ఇష్టమైతే డిగ్రీ తర్వాత గుజరాత్‌లో ఆనంద్‌లోని ఇర్మా (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రూరల్ మేనేజ్‌మెంట్) లాంటి చోట రూరల్ మేనేజ్‌మెంట్ చదివి ఇటు రావచ్చు.

నకలు సమస్య గురించి కూడా ఆమెకు తెలియాలి. బందరు బట్ట కోసమే 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో వర్తక కోఠీలు పెట్టారు. ఇలాంటి మన దేశపు బట్టల దెబ్బకు తమ నేత పరిశ్రమ తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1700లో అద్దకం బట్టల మీద నిషేధాలు తెచ్చాయి. తర్వాత వాళ్లే యంత్రాల మీద అలాంటివి అచ్చేసుకున్నారు. ఇప్పుడు ఆ పని ఎవరో పరాయివాళ్లు చేయనక్కర్లేదు. కలంకారీ డిజైన్‌ను స్క్రీన్ ప్రింటింగ్‌లో కొట్టి, అదే పేరుతో తక్కువ ధరకు అమ్మేస్తున్నారు. మచిలీపట్నం కలంకారీకి జీఐ గుర్తింపు ఉన్నా కొనేవాళ్లలో తేడా తెలిసినవాళ్లు కొద్దిమందే. ఈ పోటీలో సంపాదించుకోవాలంటే బట్ట బాగుంటే చాలదు, ఎందుకు ఎక్కువ ధరో నమ్మేలా చెప్పగలగాలి.

ఇక చదువుల సంగతి. డిజైన్ వైపే మొగ్గితే మన దగ్గర అమరావతిలో ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్ ఉంది, అక్కడి నాలుగేళ్ల డిజైన్ డిగ్రీ బీడిజైన్‌లో టెక్స్‌టైల్ అండ్ అప్పారెల్ విభాగం ఉంది. హైదరాబాద్ నిఫ్ట్‌ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ)లో టెక్స్‌టైల్ డిజైన్ ఉంది. యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్‌కు దారి ఉంటుంది. ఏ గ్రూపువాళ్లైనా రాయొచ్చు. కానీ ఈ పరీక్షల దరఖాస్తులన్నీ ఇంటర్ పబ్లిక్ పరీక్షల కన్నా ముందే ముగిసిపోతాయి. ‘ముందు పబ్లిక్ అవనీ, తర్వాత చూద్దాం’ అంటే ఒక ఏడాది పోయినట్టే. ఎంపీసీ పిల్లల ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. ఫీజు కూడా ముందే తెలుసుకోండి. నాలుగేళ్ల ఖర్చు కన్వీనర్ కోటాలో ఇంజినీరింగ్ కన్నా బాగా ఎక్కువ. అప్పు చేసి చదివిన పిల్ల మొదటి ఉద్యోగం ఏదో ఒక బట్టల కంపెనీలో చేయాల్సి రావచ్చు, పెడనకు తిరిగి రావడానికి కొన్నేళ్లు పట్టొచ్చు. అది తప్పేం కాదు, ముందే తెలిసి ఉంటే చాలు.

మీరు రాసినదాన్ని బట్టి నేనైతే ఆమెను రంగుల సైన్సు వైపు చూడమంటాను. ఇంజినీరింగ్‌ను పూర్తిగా కొట్టేయక్కర్లేదు. ముంబై ఐసీటీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ)లో ఫైబర్స్ అండ్ టెక్స్‌టైల్ ప్రాసెసింగ్ టెక్నాలజీ అని బీటెక్ ఉంది, రంగులు, అద్దకాల కెమిస్ట్రీకి పేరున్న చోటు. ఐఐటీ ఢిల్లీలో టెక్స్‌టైల్ టెక్నాలజీ ఉంది. ఈ సీట్లు రాకపోతే కాకినాడలోనే మంచి కాలేజీలో కెమిస్ట్రీతో బీఎస్సీ చేయించండి. ఖర్చు తక్కువ, ముంబై, ఢిల్లీలతో పోలిస్తే పెడన కూడా దగ్గరే, సెలవుల్లో షెడ్డుకు వెళ్లి రావచ్చు. పీజీలో టెక్స్‌టైల్ కెమిస్ట్రీకో, పురావస్తువుల సంరక్షణకో మళ్లవచ్చు. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్ కోర్సులున్నాయి. మీకు సర్కారు ఉద్యోగం మీద ఆశ ఉంటే ఇంకో మాట. భారత పురావస్తు శాఖకు డెహ్రాడూన్ కేంద్రంగా సైన్స్ విభాగం ఉంది, అందులో కెమిస్ట్రీ చదివినవాళ్లనే తీసుకుంటారు. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడో గాని రావు. దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు గానీ, దారి ఉందని తెలియాలి.

ఇవన్నీ తేల్చే ముందు ఆమె ఒక పని చేయాలి. పరీక్షలవగానే పెడన వెళ్లి నాలుగు వారాలు ఒక షెడ్డులో ఉండాలి. ఈసారి చూసి రావడానికి కాదు. కరక్కాయ నీళ్లు కలపడం, కాగు కింద మంట చూసుకోవడం, తడిసిన బట్ట మోయడం, సాయంత్రం కూర్చుని ఎన్ని మీటర్లు పోయింది, ఎన్ని పాడైంది రాయడం, ఇవన్నీ చేయాలి. నేర్పినవాళ్లకు ఆ సమయానికి డబ్బు ఇవ్వండి. చుట్టాల ఊరు కదా అని ఉచితంగా అడగొద్దు. అచ్చుల ఫోటోలు తీసి ఇన్‌స్టాలో పెట్టవద్దని కూడా చెప్పండి, ఆ డిజైన్లు ఆ ఇంటివాళ్ల ఆస్తి. మే నెల ఎండలో, కరక్కాయ వాసన మధ్య కూడా ‘ఈ లాటులో ఎరుపు ఎందుకు తేలిపోయింది?’ అని ఆమె తనంతట తాను అడుగుతుంటే ఆ పిల్లను ఆపకండి. ఫోన్‌లో మీతో మాట్లాడినప్పుడల్లా డిజైన్ల అందం గురించే చెప్తుంటే బీడిజైన్ వైపు చూడండి. మూడో వారానికే ఇంటికి వచ్చేస్తానంటే ఆమెను ఏమీ అనకండి, అదీ తెలుసుకోవాల్సిన విషయమే.

ఈలోగా ఏపీ ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ రెండూ రాయించండి. ఐసీటీ దాకా వెళ్లాలంటే జేఈఈ మెయిన్ ఎలాగూ కావాలి, ఐఐటీ ఢిల్లీకైతే ఆ తర్వాత జేఈఈ అడ్వాన్స్‌డ్ కూడా రాయాలి. ‘ఇంజినీరింగ్ వద్దన్నాక మళ్లీ ఎందుకు?’ అని ఆమె అంటే, ఏ ఇంజినీరింగో ఇంకా తేలలేదని చెప్పండి. ఎన్ఐడీ, నిఫ్ట్, యూసీడ్ వెబ్‌సైట్లలో చివరి తేదీలు ఈ వారమే చూడండి. వాటిలో ఏదైనా గడువు ఉంటే దరఖాస్తు పెట్టించండి, ఆ ఫీజు పోయినా పర్వాలేదు.