మీ గొంతు ఎందుకు తగ్గింది?

"తొమ్మిది నెలల మా బాబుతో ఇంట్లో అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడాలని మావారి పట్టుదల. తెలుగు వింటూ పెరిగితే వాడి ఆలోచన కూడా అక్కడే ఆగిపోతుందట. నాకు ఇంగ్లీషు ధారాళంగా రాదు. నా తప్పులు వాడికి అంటుకుంటాయని ఆయన కసురుకుంటుంటే, వాడి దగ్గర మాట్లాడటమే తగ్గించి, ఫోనులో ఇంగ్లీషు వీడియోలు పెడుతున్నాను. ఏ భాషలో పెంచితే పిల్లల బుద్ధి చురుకుగా ఉంటుంది?" – ఒక తల్లి

అమ్మా, బుద్ధిని పదును పెట్టే భాష, మొద్దుబార్చే భాష అంటూ వేరువేరుగా లేవు. మీరు అడిగినదానికి జవాబు అంతే. నన్ను కలవరపెట్టింది ఆ ప్రశ్న కాదు, మాట్లాడటమే తగ్గించానని దాని ముందు మీరు రాసిన మాట.

మీ బాబు వయసు పిల్లలు ఊరికే ఆడుకుంటున్నట్టే కనిపిస్తారు గానీ, వాళ్ల చెవి ఆ సమయంలో చాలా పని చేస్తూ ఉంటుంది. మనకు "త", "ట" వేరని వేరే చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని ఆరేడు నెలల పసివాళ్లు కూడా హిందీలోని ఆ తేడాను పసిగట్టగలరనీ, చుట్టూ అది వినిపించనందున ఏడాది నిండేసరికి ఆ నేర్పు బాగా తగ్గిపోతుందనీ 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు చూపించారు. అంటే మీరు మౌనంగా గడుపుతున్న ఈ నెలలు తక్కువ విలువైనవి కావు. ఇక ఫోను సంగతి. 2003లో పాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు పన్నెండు విడతలుగా చైనా వారి మాండరిన్ భాష వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు పిల్లలు ఆ భాష ధ్వనుల్లోని తేడాలను పట్టుకున్నారు. అవే మాటలు తెరమీద చూసిన పిల్లలకు ఏమీ అంటలేదు. మీవారు ఏరికోరి తెచ్చిన ఉపాయం ఆయన ఆశించిన ఫలితాన్నే ఇవ్వదన్నమాట.

మాటకూ ఆలోచనకూ ఉన్న ముడి పదాలు పలకడం రాకముందే మొదలవుతుంది. ఒక ప్రయోగంలో ఒకే జాతి జంతువుల బొమ్మలను వరసగా చూపుతూ మాటలు వినిపిస్తే మూడు నెలల పసివాళ్లు వాటిని ఒక కోవగా గుర్తించారు. మాటలకు బదులు ఉత్త ధ్వనులు వినిపించినప్పుడు గుర్తించలేదు. మొదట పెద్దవాళ్లకూ బిడ్డకూ మధ్య నడిచిన మాటే తరవాత లోపలికి వెళ్లి బిడ్డ సొంత ఆలోచనగా మారుతుందని రష్యా మనస్తత్వ శాస్త్రవేత్త వైగోత్‌స్కీ ఏనాడో రాశాడు. ఆ మొదటి మాట తడబాటు లేకుండా, లాలనగా, అలుపు లేకుండా రావాలంటే మీకు బాగా వచ్చిన భాషలోనే రావాలి.

ఇప్పుడు అసలు సంగతి. తప్పు దొర్లుతుందేమోనని కన్నకొడుకు దగ్గర నోరు కట్టేసుకునేంత భయం మీకు ఎక్కడిది? భర్త మాటకు విలువ ఇవ్వవద్దని నేను అనను. కానీ భార్య నోరు మూయించి బిడ్డకు మాటలు నేర్పాలనుకునే భర్తకు ఎదురు చెప్పడం అమర్యాద కాదు, తల్లిగా మీ బాధ్యత. గొడవ అక్కరలేదు. బాబు నిద్రపోయాక ఆయన్ని కూర్చోబెట్టి, "నేను తెలుగులోనే మాట్లాడతాను, ఇంగ్లీషు కావాలంటే మీరు రోజూ వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని మాట్లాడండి" అని స్థిరంగా చెప్పండి. రెండు భాషలు వింటూ పెరిగిన పిల్లలు రెండూ నేర్చుకుంటారు. అంత తీరిక తనకు లేదని ఆయన అంటే, ఫోను తీసి ఆయన చేతికే ఇచ్చేసి, మీరు బాబు దగ్గరకు వెళ్లి కబుర్లు మొదలుపెట్టండి.