టర్బో సంగతి తర్వాత, ముందు సీటు బెల్టు లాగి చూడండి

మీరడిగింది పాత డీజిల్ కార్లలో టాటా వాళ్ల 2008 ఇండిగో మెరీనా డైకార్ కొనాలా, స్కోడా వాళ్ల ఆక్టేవియా కాంబీ 1.9 టీడీఐ కొనాలా అని. మెరీనా తణుకులో ఉందన్నారు, కాంబీ రావులపాలెం వైపు ఉందన్నారు, రెండూ ఇంచుమించు ఒకే రేటు చెబుతున్నారన్నారు. నేను కోనసీమ వాణ్ని, 2014 నుంచి మెరీనాయే నడుపుతున్నాను, కాబట్టి నా జవాబేంటో మీకు ఈపాటికే అర్థమైపోయుంటుంది. మెరీనా కొనండి. ఇక్కడితో చదవడం ఆపేసినా నేనేమీ అనుకోను. కానీ కాంబీ గురించి నా దగ్గరో కథ ఉంది, అది చెప్పకపోతే ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు.

అసలు ఈ రోజుల్లో స్టేషన్ వ్యాగన్, అంటే డిక్కీ మీదదాకా పైకప్పు సాగిన పొడుగు కారు, కావాలని అడిగే మనిషి ఉన్నాడంటేనే నాకు ప్రాణం లేచొచ్చింది. మన దేశంలో ఈ రకం బండ్లు ఎవరికీ పట్టలేదు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, 2004లో మెరీనా వచ్చింది, మధ్యలో మారుతి వాళ్ల ఆల్టురా వచ్చింది (అది పెట్రోలు, టర్బో లేదు, మీ లెక్కలోకి రాదు), అన్నీ అలా వచ్చి అలా పోయినవే. నేను కొన్న కొత్తలో మా వీధిలో ప్రతివాడూ "అంబులెన్స్ కొన్నారాండీ?" అని అడిగినవాడే. ఒకాయనైతే ఇంకో రకం బండి పేరు కూడా అన్నాడు, పొద్దున్నే ఆ మాట ఇక్కడ రాయడం ఎందుకు. వాళ్లే ఇప్పుడు కొబ్బరి దింపు రోజున మాత్రం "మీ బండోసారి ఇస్తారా" అని వస్తారు. వాళ్లంతా ఎస్‌యూవీ లాంటి ఎత్తు బండ్లు కొన్నారు కదా, వెనక నాలుగు బస్తాలు పట్టవు, పైగా బస్తా నడుం దాకా ఎత్తాలి. మెరీనాలో వెనక సీటు మడిస్తే ఒలిచిన కాయ బస్తాలు పడుకోబెట్టి తోసేయొచ్చు. మా అక్క కూతురి సారెకి అరటి గెలలు, పూతరేకుల పెట్టెలు, రెండు స్టీలు డ్రమ్ములు, ఇవి కాక మా అమ్మ, అన్నీ ఒకే ట్రిప్పులో వెళ్లాయి. అమ్మకి మోకాళ్ల నొప్పి. ఎత్తు బండి ఎక్కాలంటే కింద పీట వేయాలి, దీంట్లో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటుంది. ఈ విషయం ఏ షోరూంలోనూ చెప్పరు.

సరే, టర్బో, అంటే ఇంజన్ పొగ ఊపుతో తిరిగి లోపలికి ఎక్కువ గాలి తోసే పంకా. మీ ప్రశ్నలో టెన్షన్ అంతా దాని మీదే ఉంది, "పాత టర్బో పోతే ఎంతవుతుంది" అని రెండుసార్లు రాశారు. నాది ఒకసారి పోయింది, తప్పు బండిది కాదు, నాది. టర్బో లోపలి ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, దానికున్న ఆధారమల్లా ఇంజన్ ఆయిలే. హైవే మీద రాజమండ్రి నుంచి తొక్కుకుంటూ వచ్చి ఇంటి ముందు టక్కున తాళం తిప్పేస్తే ఆయిల్ పంపు ఆగిపోతుంది, టర్బో మాత్రం ఎర్రటి వేడితో ఇంకా తిరుగుతూనే ఉంటుంది, లోపల మిగిలిన కాస్త ఆయిలూ మాడి బొగ్గవుతుంది. నేను మూడేళ్లు అదే చేశాను. పైగా ఆయిల్ ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ పోయించేవాణ్ని. ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పు విరిగితే రబ్బరు బ్యాండు కట్టాను, మా ఇంటి వెనకేమో రైస్ మిల్లు, గాల్లో ఎప్పుడూ ఊక దుమ్మే. ఒకరోజు సిద్ధాంతం బ్రిడ్జి మీద వెనక నీలం పొగ, పికప్ లేదు, లారీలన్నీ హారన్ కొట్టుకుంటూ దాటిపోతున్నాయి. మా మేస్త్రి చూసి "ఇరుసుని పట్టుకునే బుష్ అరిగిపోయిందండి" అన్నాడు, లోపలి భాగం మార్చి బిగించాడు, మొత్తం 14,000 అయింది. అప్పట్నుంచి ఇల్లు చేరాక రెండు నిమిషాలు ఇంజన్ ఊరికే తిరగనిస్తాను. డీజిల్ దండగని మా ఆవిడ గొణుగుతుంది. గొణగనీ. ఆ తర్వాత టర్బో మళ్లీ నా జేబు ముట్టుకోలేదు.

కాబట్టి టర్బోకి భయపడకండి. మన డెల్టాలో పాత బండికి అసలు శత్రువు నీళ్లు.

ఇదిగో కాంబీ కథ. 2023 మొదట్లో నాకూ ఆ బండి మీద మనసైంది. పేరుంది, తలుపు వేస్తే బీరువా తలుపు వేసినట్టు చప్పుడు, 1.9 టీడీఐ ఇంజన్, 90 హార్స్‌పవర్. మెరీనా 1.4 డైకార్ ఇచ్చేది 70. పాలకొల్లు దాటాక ఒక ఊళ్లో ఉందని తెలిసి మా బావని తీసుకుని వెళ్లాను. మా బావ ఒకప్పుడు లారీ షెడ్డు నడిపిన మనిషి, ఇప్పుడు కొబ్బరి తోట తప్ప వేరే పనేం లేదు, ఎవరైనా బండి చూడటానికి పిలిస్తే చాలు, పెళ్లికి పిలిచినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరతాడు.

అమ్మేది ఓ బ్రోకరు. ముదురు ఆకుపచ్చ బండి, వెనక అద్దానికి ఎడమ మూల వెండి రంగు వినాయకుడి స్టిక్కరు. కడిగి, టైర్లకి నల్లరంగు పూసి, లోపల మల్లెపూల సెంటు కొట్టి ఉంచాడు. "ఆయ్, ఒంటిచేతి బండండి, డాక్టరు గారు వాడిందండి" అన్నాడు. ఈ జిల్లాల్లో పాత బండి అంటే చాలు, డాక్టరు గారు వాడిందే. ఇంతమంది డాక్టర్లు ఇన్ని కార్లు అమ్ముకుంటుంటే ఆస్పత్రులకి దేనిమీద వెళ్తున్నారో నాకు తెలియదు.

మా బావ బండి చుట్టూ తిరగలేదు, తలుపు తీయలేదు, నేరుగా వెళ్లి బానెట్ మీద చెయ్యి పెట్టాడు. "పొద్దున్నే ఎక్కడికెళ్లొచ్చారండీ?" అన్నాడు. బ్రోకరు "కడిగించడానికండి" అన్నాడు. కారు కడిగింది అక్కడే, ఆ అరుగు ముందరే, బకెట్టు ఇంకా తడిగా ఉంది. బావ నవ్వి, "అయితే చల్లారనివ్వండి, మేం టిఫిన్ చేసొస్తాం" అన్నాడు. పెసరట్టు ఉప్మా, మళ్లీ ఓ ఇడ్లీ, రెండు కాఫీలు, పేపరంతా చదివేశాడు, పక్క టేబులాయనతో రొయ్యల రేటు మీద వాదన కూడా పెట్టుకున్నాడు. మూడు గంటలు. నేను రెండుసార్లు లేచాను, "కూచో, ఇంజన్ నిద్రపోవాలి" అన్నాడు.

తిరిగొచ్చాక బ్రోకరు మొహం చూడాలి. తాళం తిప్పితే బండి లేచింది గానీ ఒళ్లంతా వణుకుతోంది, డ్యాష్‌బోర్డు కూడా గడగడా. నాలుగు సిలిండర్లలో ఒకటి లేవలేదు. నిమిషం తర్వాత అదీ అందుకుంది, బండి మామూలైపోయింది. పొద్దున వేడి చేసి ఉంచింది ఇందుకే. బావ అలా పది నిమిషాలు తిరగనిచ్చి ఒక్కసారి రేసు తొక్కమన్నాడు. అరటి తోటలోకి నీలం పొగ మబ్బులా పోయింది, టర్బో సీలు ఆయిల్ కారుస్తోందన్నమాట. బ్రోకరు "చాన్నాళ్లు నిలబెట్టాం కదండి, రెండు రోజులు తిరిగితే పోద్దండి" అన్నాడు. నేనప్పటికీ బేరమాడుదామనే అనుకుంటున్నాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను, టర్బో ఖర్చు తగ్గించి అడుగుదాం అని మనసులో లెక్కలు కూడా వేసుకున్నాను.

అప్పుడు బావ ముందు సీట్లో కూర్చుని బెల్టు లాగాడు. మామూలుగా మనం లాగేంత కాదు, ఇంకా రాదనేదాకా పూర్తిగా లాగాడు. పైన అంతా నల్లగా, శుభ్రంగా ఉంది. చివరి మూరెడు మాత్రం బురద రంగు, వరద నీళ్లలో నానిన పంచె రంగు. తర్వాత డిక్కీలో కార్పెట్ ఎత్తి స్టెప్నీ తీశాడు. ఆ గుంటలో ఎండిపోయిన ఒండ్రు, దాంట్లో అతుక్కుని నల్లటి కుచ్చులాంటిదొకటి. నేను చెత్త అనుకున్నాను. బావ గోటితో గీకి తీసి, అరచేతిలో పెట్టి బ్రోకరుకి చూపించాడు. గుర్రపు డెక్క వేరు. కాలువల్లో పెరిగేది డాక్టరు గారి డిక్కీలోకి ఎందుకొచ్చిందండీ అని అడిగాడు, చాలా మర్యాదగా. బ్రోకరు క్షణం ఆలోచించి "పెళ్లికి పూలు తెచ్చినప్పుడు పడుంటుందండి" అన్నాడు. ఆ సమాధానానికి నాకు ఇప్పటికీ అతనంటే గౌరవం.

మీకు గుర్తుండే ఉంటుంది, 2022 జూలై వరద. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, లంకలన్నీ మునిగాయి, గట్ల మీద గుడారాలు వేసుకుని ఉన్నారు జనం. ఆ నీళ్లలో ఎన్ని కార్లు నిలబడ్డాయో, అవన్నీ తర్వాత ఎటు వెళ్లాయి? కడుక్కుని, సెంటు కొట్టుకుని మన మధ్యకే వచ్చాయి. మునిగిన బండిని ఊరికే ఎండబెడితే వైరింగ్ దగ్గరే దెబ్బ. నీళ్లలో స్టార్ట్ చేసి ఉంటే ఇంకా ఘోరం. గాలి పీల్చాల్సిన చోట నీళ్లు పీలుస్తుంది, నీళ్లేమో గాలిలా నలగవు, పిస్టన్ పైకొచ్చి ఆ నీళ్లని గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. రవ్వంత వంగినా ఆ సిలిండర్లో కంప్రెషన్ తగ్గుతుంది, చల్లటి పొద్దున అది లేవదు. ఆ వణుకు అదేనని బావ తేల్చేశాడు. ఇంజన్ దించి చూడకుండా ఎలా తేల్చావంటే "వేరు చూశాక ఇంకేం చూస్తావురా" అన్నాడు.

వచ్చేటప్పుడు దారంతా ఆయన రోడ్డుని తిట్టాడు. రెండు పక్కలా చేపల చెరువులు తవ్వితే మధ్యలో రోడ్డు నిలబడుతుందా, మేత లారీ వెళ్లినప్పుడల్లా ఒకవైపు కుంగుతోంది, రేపు వానలొస్తే చెరువేదో రోడ్డేదో తెలియదు, అలాంటి చోట కిందుగా ఉండే బండి నీకెందుకు అని. అదీ నిజమే. మెరీనా కూడా మరీ ఎత్తేం కాదు, చినుకు పడితే నేను గట్టు దారి పట్టను.

మీ విషయానికి వస్తే, మెరీనా ఎందుకంటే మా వైపు ఏ మేస్త్రిని పిలిచినా ఆ ఇంజన్ కళ్లు మూసుకుని విప్పుతాడు, సామాను పాతదో కొత్తదో ఎక్కడో చోట దొరుకుతుంది. కాంబీ ఇంజన్ గొప్పది, నేను కాదనను, చూసుకునేవాడుంటే లక్షల కిలోమీటర్లు పోతుంది. కానీ దాని టైమింగ్ బెల్టు (ఇంజన్లో వాల్వుల్ని నడిపే రబ్బరు బెల్టు) ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే, కొన్న రోజే మార్పించాలి, తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి పోతాయి. ఆ పని తెలిసిన మనిషి మీ ఊళ్లో ఉన్నాడా? ఉంటే నా మాట వినక్కర్లేదు.

కాయితాలు మాత్రం చూడండి. 2008 బండికి 15 ఏళ్లు 2023తోనే అయిపోయాయి, ఆర్‌సీ రెన్యువల్ చేయించారా, ఎప్పటిదాకా ఉంది, అది ముందు. రెన్యువల్ అయితే ఐదేళ్లు ఇస్తారు. 2022 ఏప్రిల్లో దాని ఫీజు 600 నుంచి 5000 చేశారు, బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు బండి నిలబెట్టడానికి చేసే టింకరింగూ పెయింటింగూ అదనం, నాకైతే ఫీజు కన్నా అవే ఎక్కువయ్యాయి. "రెన్యువల్ మీరే చేయించుకోండి, తగ్గించి ఇస్తా" అంటే ఆ తగ్గించేది ఎప్పుడూ చాలదు. ఇంకోటి, కాంబీ ఢిల్లీ నంబరేమో చూడండి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ తిరగకూడదని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పాక పాత డీజిళ్లు చవగ్గా బయట రాష్ట్రాలకి వచ్చేశాయి. బండి బాగుండొచ్చు, కానీ అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీఓ ఆఫీసు ఇచ్చే ఎన్‌ఓసీ ఉండాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, ఆ లెక్క కలిపితే చవక చవక కాదు.

చూడటానికి వెళ్లేముందు ఫోన్ చేసి బండి స్టార్ట్ చేయొద్దని చెప్పండి. ఎలాగూ చేసే ఉంచుతారు, మీరు టిఫిన్ చేయకుండా వెళ్లండి. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకి వెళ్లే హోస్ విప్పించి ఇరుసు పట్టుకుని చూడండి, పక్కలకి కొంచెం ఆడితే పర్లేదు, ముందుకీ వెనక్కీ ఆడితే దాని పని అయిపోయినట్టే. మెరీనాకైనా ఇదే. సీటు బెల్టులు అన్నీ చివరిదాకా లాగండి, వెనకవి కూడా.

ఇంతా రాశాక ఒకటి గుర్తొచ్చింది. మా బావ ఆ వేరు చూపించిన బండి వారం తిరక్కుండానే ఎవరికో అమ్ముడైపోయిందని తెలిసింది, కొన్నాయనది రావులపాలెం దగ్గరట. మీరు కాంబీ రంగేమిటో రాయలేదు. వెనక అద్దం మీద ఎడమ మూల వినాయకుడున్నాడేమో చూసి చెప్పండి.