పొరపాటున గ్లూటెన్ లోపలికి వెళ్లిన రోజు

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పేదాకా నాకు తెలియలేదు. భోజనానికి వెళ్లిన చోట సాస్‌లో గోధుమ కలిసిందని తిన్నాక తెలిసిందట. ఆ మాట అక్కడ ఎవరితోనూ అనకుండా ఇంటికొచ్చి తలుపేసుకున్నావట. నాకూ నీలాగే సీలియాక్ అని తేలి 18 ఏళ్లు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి వెళ్తే ఒంటి రక్షణ వ్యవస్థే పేగుని దెబ్బతీసే జబ్బు కదా మనది. నేనూ మొదట్లో ఇలాగే తలుపేసుకునేదాన్ని. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒంటి సంగతి చూద్దాం. లోపలికి వెళ్లిన గ్లూటెన్‌కి విరుగుడు మందు లేదు. గొంతులో వేలు పెట్టి కక్కాలని చూడకు. బొగ్గు మాత్రలు వేసుకోకు, అవి నువ్వు వాడే మిగతా మందుల్ని కూడా పీల్చేసుకుని పని చేయనివ్వవు. గ్లూటెన్‌ని అరిగిస్తాయంటూ అమ్మే ఎంజైమ్ బిళ్లల జోలికీ పోకు. అవి కొంత విడగొట్టినా మొత్తం విడగొడతాయన్న భరోసా లేదు, పేగుకి ఆ మిగిలింది చాలు. అసలు వాటిని నమ్ముకుంటే రేపు తినేటప్పుడు జాగ్రత్త సడలుతుంది. నాకు భయం అదే.

నీకు ఇప్పుడు కావలసింది నీళ్లు, విశ్రాంతి. వాంతులో విరేచనాలో అవుతుంటే ఓఆర్ఎస్ కలుపుకో. ప్యాకెట్ మీద ఎంత నీళ్లని రాసి ఉంటే అన్నే పొయ్యి. గ్లాసుడూ ఒక్కసారి తాగితే మళ్లీ వచ్చేస్తుంది, రెండు మూడు నిమిషాలకో గుక్క చొప్పున తాగు. ఆకలి పుట్టాక తేలిగ్గా అరిగేది కొంచెం తిను. కొన్నాళ్లు పాలు పడకపోవచ్చు. పేగు లోపలి పొర దెబ్బతిన్నప్పుడు పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమ్ తగ్గుతుంది, పొర కోలుకుంటే మళ్లీ వస్తుంది.

గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గిపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, మలంలో రక్తం కనిపించినా ఆస్పత్రికి వెళ్లు. అర్ధరాత్రయినా సరే, మీ అమ్మని లేపు. పెదాలు, నాలుక వాచి ఊపిరి ఆడకపోతే మాత్రం అది సీలియాక్ పని కాదు, అలర్జీ. అప్పుడు నిమిషం కూడా ఆగకూడదు.

వికారం, వాంతులు చాలామందికి తిన్న గంటా రెండు గంటల్లోనే మొదలవుతాయి. కడుపుబ్బరం, నీరసం, తల మొద్దుబారినట్టుండటం కొన్ని రోజులు సాగొచ్చు. ఆ రోజుల్లో చేతకాని పనులు పక్కన పెట్టు.

ఇన్ని నెలల పథ్యం ఒక్క పూటతో మట్టిలో కలిసిపోయిందని ఏడ్చావట. కలిసిపోలేదమ్మా. ఒక్కసారి జరిగిన పొరపాటు నుంచి పేగు కోలుకుంటుంది. దాన్ని పాడుచేసేది రోజూ కొంచెం కొంచెంగా వెళ్లేది. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ 3 నెలలు ఇస్తే పేగు పొర దెబ్బతిన్నట్టు కనిపించింది. ఒక బ్రెడ్ ముక్కలో గ్లూటెన్ గ్రాముల్లో ఉంటుంది. అంటే 50 మిల్లీగ్రాములు ఆ ముక్క నుంచి పళ్లెంలో రాలిన పొడి అన్నమాట. ఆ పొడికి కడుపు నొప్పి కూడా రాకపోవచ్చు. బాధ లేదంటే హాని లేనట్టే అనుకోవద్దని నేను పదే పదే చెప్పేది ఇందుకే. కొందరికి ఏ లక్షణమూ ఉండదు, లోపల జరిగేది జరుగుతూనే ఉంటుంది. "ఎలాగూ తప్పింది కదా, ఈ వారం తినేద్దాం" అన్న ఆలోచన కూడా రానివ్వకు. తర్వాతి ముద్ద నుంచే మళ్లీ పథ్యం.

ఒళ్లు తేరుకున్నాకే వెతుకులాట. కోపంలో ఉన్నప్పుడు వద్దు, ఇంట్లో అందరూ దొంగల్లా కనిపిస్తారు. ఒకసారి నాకు దాదాపు 2 నెలలు కడుపు కుదుటపడలేదు. బయట ఒక్క మెతుకు తినలేదు, డబ్బాల మీద ప్రతి అక్షరం చదివాను. చివరికి ఒకరోజు బియ్యప్పిండి జల్లించి, జల్లెడని కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాను. వల అంతా శుభ్రంగానే ఉంది. వల, చట్రం కలిసే మడతలో మాత్రం చుట్టూ సన్నటి తెల్లటి గీత. గోరుతో గీకితే గట్టిపడిన పిండి పొరలా ఊడొచ్చింది. ఇంట్లోవాళ్లకి గోధుమపిండి జల్లించేదీ ఆ జల్లెడే. రోజూ కడుగుతూనే ఉన్నాం, ఆ మడతలోకి మాత్రం నీళ్లూ సబ్బూ చేరలేదు.

నువ్వూ అలాంటి మడతలే వెతుకు. గాట్లు పడిన చెక్క పలక, చెక్క గరిటె, బ్రెడ్‌కి రాసిన కత్తితోనే మళ్లీ ముంచిన వెన్న డబ్బా, గోధుమపిండి పూసినవి వేయించిన నూనె. కాచినంత మాత్రాన గ్లూటెన్ పోదు, శానిటైజర్‌కీ పోదు. సబ్బు పెట్టి రుద్ది నీళ్లతో కడిగితేనే పోతుంది. జల్లెడా, చెక్క సామానూ నీకు విడిగా ఉండాలి. లేబుళ్ల దగ్గర ఒక్క మాట: "గోధుమ లేదు" అంటే గ్లూటెన్ లేదని కాదు. మాల్ట్ అని కనిపిస్తే అది సాధారణంగా బార్లీ నుంచి తీసిందే, రై కూడా మనకి పనికిరాదు. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణంలో గ్లూటెన్ ఫ్రీ అంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు.

వచ్చే రక్తపరీక్షకి ముందు ఈ పొరపాటు జరిగిన తేదీ డాక్టరుతో చెప్పు. ఈ జబ్బుకి రక్తంలో కొలిచే యాంటీబాడీలు నెమ్మదిగా దిగుతాయి, అంకె చూసి బెంగపడకు.

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి. నీకు వడ్డించినావిడ నొచ్చుకుంటుందని నువ్వు నోరు మెదపలేదు. ఆవిడకి ఇప్పటికీ తెలియదు, ఇంకోసారి పిలిచినప్పుడు అదే సాస్ వేస్తుంది. కాస్త కుదుటపడ్డాక ఫోన్ చేసి, "మీ తప్పేం లేదండీ, ఆ సాస్ సీసా మీద ఏం రాసుందో ఒకసారి చదివి చెప్తారా" అని అడుగు. నేను అలా అడిగినప్పుడు నొచ్చుకున్నవాళ్లు తక్కువ. చాలామంది మరుసటిసారి వండకముందే సీసా ఫొటో తీసి పంపారు. సరే అనని చోటికి ఇంట్లోనే తిని వెళ్లు. వెళ్లడం మాత్రం మానకు.

1950లో డచ్ పిల్లల డాక్టరు విల్లెమ్ డికె తన థీసిస్‌లో గోధుమకీ ఈ జబ్బుకీ లంకె చూపించాడు. అంతకుముందు కారణం తెలియకుండానే పసిపిల్లలు చిక్కి శల్యమై పోయేవారు. మనకి కారణం తెలుసు, నోరు విప్పి చెప్పుకోవచ్చు కూడా.

ఈ రాత్రి ఎన్నిసార్లు లేచావో, నీళ్లు నిలుస్తున్నాయో లేదో పొద్దున్నే నాకు మెసేజ్ పెట్టు. ఆదివారం నేనే వస్తాను. కొత్త జల్లెడ ఒకటి తెస్తాను, మీ వంటింటి సామాన్లు ఒక్కొక్కటీ ఇద్దరం కలిసి వెలుతురులో పెట్టి చూద్దాం.

పెద్దమ్మ