ఆ ఇంటిని అద్దెకిచ్చే ముందు

చిరంజీవి అమ్మడుకి, పెద్దమ్మ దీవెనలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఒంగోలు నుంచి ఫోన్ చేసింది. అల్లుడు గారికి సియాటిల్‌లో మంచి ఉద్యోగం వచ్చిందనీ, ఆగస్టులో మీరిద్దరూ అక్కడికి వెళ్ళిపోతున్నారనీ, పోయిన నవంబరులో టెక్సస్‌లోని ఫ్రిస్కోలో కొన్న ఇంటిని అద్దెకిచ్చేస్తున్నారనీ చెప్పింది. ముప్పై ఏళ్ళు నిండకుండానే సొంత ఇల్లు కొన్నావని తను మురిసిపోతుంటే నాకూ కళ్ళు చెమర్చాయి. అయితే మాటల మధ్యలో, "లోన్ ఇచ్చినవాళ్ళకి చెప్పనక్కర్లేదటక్కా, నెలనెలా కట్టేస్తే ఎవరూ పట్టించుకోరట" అన్నది. చాలా ఏళ్ళు ఇంటి లోన్ల ఫైళ్ళు చూస్తూ ఉద్యోగం చేసినదాన్ని కదా, ఆ ఒక్క మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే సగం నీ చెవిన పడి సగం పోతుందని, కూర్చుని రాస్తున్నాను. అల్లుడు గారికి కూడా చదివి వినిపించు.

ముందు నీ కాగితాలు బయటికి తియ్యి. క్లోజింగ్ రోజున, అంటే ఇల్లు నీ పేరు మీదికి వచ్చిన రోజున, నువ్వు సంతకాలు పెట్టిన ఆ లావుపాటి కట్టలో డీడ్ ఆఫ్ ట్రస్ట్ అని, ఇంటిని లోనుకు తాకట్టు పెట్టే పత్రం ఒకటి ఉంటుంది. అందులో ఆరో సెక్షన్ పేరు ఆక్యుపెన్సీ. అది నాలుగైదు పంక్తులకు మించదు కాబట్టి చదవకుండా తిప్పేయడం సులువు. సంతకం చేసిన 60 రోజుల లోపు ఆ ఇంట్లో దిగి, దాన్నే నీ ప్రధాన నివాసంగా చేసుకుని, దిగిన రోజు నుంచి కనీసం ఒక ఏడాది పాటు అక్కడే ఉంటానని నువ్వు అందులో మాట ఇచ్చావు. దాని కిందనే రెండు మినహాయింపులు కూడా ఉన్నాయి. లెండర్, అంటే లోన్ ఇచ్చినవాళ్ళు, రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఏడాది నిండకముందే బయటికి రావచ్చు, సరైన కారణం లేకుండా వాళ్ళు ఆ ఒప్పుకోలు నిరాకరించకూడదు. నీ చేతిలో లేని బలమైన పరిస్థితులు ఎదురైనా అంతే. ఈ రెండు మినహాయింపులూ నీలాంటివాళ్ళ కోసమే రాసినవి. అడిగే హక్కు నీకు ఉండగా దొంగచాటుగా ఎందుకు వెళ్ళాలి?

ఈ షరతు ఎందుకు పెడతారో తెలిస్తే నీకు దాని మీద కోపం రాదు. నీకు 5 శాతం డౌన్ పేమెంటుతో లోన్ ఇచ్చారు. అదే అద్దెకిచ్చే ఇంటికని అడిగి ఉంటే కనీసం 15 శాతం కట్టమనేవారు, వడ్డీ కూడా ఎక్కువ వేసేవారు. కష్టకాలం వచ్చినప్పుడు మనిషి తను పడుకునే ఇంటి వాయిదాను చివరి దాకా కట్టుకొస్తాడు, అద్దెకిచ్చిన ఇంటి వాయిదాను ముందుగా వదిలేస్తాడు. ఆ తేడాను నమ్మే వాళ్ళు నీకు తక్కువ వడ్డీ ఇచ్చారు. అందుకే అప్లికేషను ఫారంలో డిక్లరేషన్ల భాగం తెరవగానే, ఈ ఇంట్లో మీరే నివసిస్తారా అన్న ప్రశ్న అన్నిటికంటే ముందు ఉంటుంది.

నువ్వు నిజంగా దిగావు, పాలు పొంగించావు, ఎనిమిది నెలలుగా కాపురం చేస్తున్నావు. సంతకం పెట్టిన రోజున నీ మనసులో మోసం లేదు. ఉద్యోగం మారడమన్నది ఆ తరువాత వచ్చిన మార్పు. అందువల్ల నీ పరిస్థితి శుభ్రంగానే ఉంది, దాన్ని శుభ్రంగా ఉంచుకోవడమే ఇప్పుడు నీ పని. నేను ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానో అర్థం కావాలంటే, మన కుటుంబానికి బాగా కావలసిన ఒకాయన సంగతి నీకు చెప్పాలి. పేరు అడగవద్దు, మీ అమ్మకు తెలుసు.

2020 ఆగస్టులో, వడ్డీలు బాగా పడిపోయిన రోజుల్లో, ఆయన డాలస్ పక్కన రెండో ఇల్లు కొన్నారు. పాత ఇంట్లోనే ఉంటూ, కొత్త ఇంట్లో తామే ఉండబోతున్నామని సంతకం చేసి, తక్కువ వడ్డీకి లోన్ తీసుకున్నారు. అక్టోబరులో చంటిబిడ్డ ఉన్న ఒక దంపతులకు అద్దెకిచ్చేశారు. ఇన్సూరెన్సు మాత్రం యజమాని నివసించే ఇంటికి ఇచ్చే పాలసీగానే ఉండిపోయింది, ఎందుకంటే దాన్ని మారిస్తే లెండరుకు తెలిసిపోతుంది. నెలలు గడిచాయి, వాయిదా ఒక్కటీ తప్పలేదు. "చూశారా వదినా, ఎవరు అడిగారు?" అని నాతోనే అన్నారు.

2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టిపోయిన వారం నీకు వినికిడిగానైనా తెలిసే ఉంటుంది. కరెంటు పోయి, నీళ్ళు పోయి, ఆ రాష్ట్రమంతటా ఇళ్ళలో గొట్టాలు పగిలాయి. ఆయన ఇంట్లో అటకమీది గొట్టం పగిలి, పడకగది సీలింగ్ మొత్తం తడిసి, పసిబిడ్డ ఉయ్యాల పక్కనే ఊడిపడింది. దేవుడి దయవల్ల బిడ్డ అప్పుడు తల్లి దగ్గర ఉంది. క్లెయిం వేశారు. ఇన్సూరెన్సు కంపెనీ నుంచి నష్టం అంచనా వేసే అడ్జస్టర్ వచ్చి, తలుపు తీసిన ఆ అమ్మాయిని మామూలుగా, మర్యాదగా, "మీరు ఎప్పటి నుంచి ఇక్కడ ఉంటున్నారు?" అని అడిగాడు. ఆ అమ్మాయికి దాచవలసిన అవసరం ఏముంది? అక్టోబరు నుంచి అని చెప్పింది. క్లెయిం తిరస్కరించారు. పాలసీలో లెండరు పేరు కూడా ఉంటుంది కాబట్టి ఆ సంగతి అక్కడికీ చేరింది. ఆ ఇంట్లోనే ఉన్నట్టు రుజువులు పంపమని, అంటే డ్రైవింగు లైసెన్సు మీద చిరునామా, కరెంటు బిల్లులు, అలాంటివన్నీ పంపమని ఉత్తరం వచ్చింది.

అప్పుడు ఆయన మా ఇంటికి వచ్చి, లోన్ల భాష తెలిసినదాన్ని కదా అని, మొదటి రెండు నెలలు తామే అక్కడ ఉన్నట్టు వివరణ లేఖ రాసిపెట్టమని నన్ను అడిగారు. ఆ కాగితం మీద నేను ఒక్క అక్షరం కూడా రాయనని చెప్పాను. ఆయన భార్య నా ఎదుటే ఏడ్చింది. తరువాత చాలా కాలం వాళ్ళు మా గడప తొక్కలేదు. మొదటి అబద్ధాన్ని సంతకంతో చెప్పారు, రెండోదాన్ని నా చేతిరాతతో చెప్పమన్నారు. చివరికి లెండర్ మొత్తం అప్పు తీర్చమంది. సీలింగు కూలిన ఇంటికి మరో లోన్ ఎవరు ఇస్తారు? వాళ్ళ నాన్న రిటైరయిన డబ్బుతో కొన్న స్థలాన్ని అమ్మి తీర్చారు. ఆ పెద్దాయనకు స్థలం ఎందుకు అమ్ముతున్నారో చెప్పే ధైర్యం లేక, వ్యాపారం అన్నారు.

అమ్మడూ, ఆయన జైలుకు వెళ్ళలేదు, సాధారణంగా ఎవరూ వెళ్ళరు. కాని లోన్ కోసం తెలిసి అబద్ధం చెప్పడం ఇక్కడ ఫెడరల్ నేరం. దానికి 30 ఏళ్ళ వరకు జైలు, పది లక్షల డాలర్ల వరకు జరిమానా అని చట్టంలో ఉంది. మీరిద్దరూ ఇంకా హెచ్‌1బీ మీద ఉన్నారు, గ్రీన్ కార్డు వరుసలో నిలబడి ఉన్నారు. రేపు సిటిజన్‌షిప్‌కి వేసుకునే ఫారంలో, అరెస్టు కాకపోయినా ఎప్పుడైనా నేరం చేశారా అని అడుగుతారు. ఇల్లు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. ఆ ప్రశ్న దగ్గర నీ కలం ఆగిపోయే పరిస్థితి నీకు రాకూడదు. నేను అతిగా భయపడుతున్నానని అల్లుడు గారు అనుకోవచ్చు. అనుకోనివ్వు.

"ఎవరు చూస్తారు" అని కూడా అనుకోవద్దు. స్టేట్‌మెంట్లు పంపే చిరునామా మార్చగానే, లెండరు తరఫున నీ వాయిదాలు వసూలు చేసే సర్వీసరుకు తెలుస్తుంది. ఇన్సూరెన్సు మార్చినా, సొంతంగా ఉండే ఇంటికి పన్నులో ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు తీసేసినా తెలుస్తుంది. అద్దె ప్రకటనలో నీ ఇంటి ఫోటో లోకమంతా చూస్తుంది. సియాటిల్‌లో మరో ఇల్లు కొనబోయినప్పుడు నీ ట్యాక్సు రిటర్నులో అద్దె ఆదాయం చూపే 'షెడ్యూల్ E' అన్న పేజీ కొత్త లెండరు చేతికి వెళుతుంది. ఇలాంటి ఫైళ్ళు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్ళాయి.

కాబట్టి ఇలా చెయ్యి. సర్వీసరుకు ఫోన్ చేసి ఊరుకోకుండా, ఉత్తరం రాయి. ఎప్పుడు దిగావో, ఉద్యోగం ఏ ఊరికి మారిందో, ఎప్పటి నుంచి వెళ్ళాలో మూడు నాలుగు వాక్యాల్లో చెప్పి, ఆఫర్ లెటరు జత చేసి, ఆరో సెక్షన్ ప్రకారం రాతపూర్వకమైన అనుమతి కోరు. ఫోనులో ఎవరో "పర్వాలేదు" అన్నది అనుమతి కాదు. ఆలస్యమైతే మరో దారి కూడా ఉంది. అల్లుడు గారు ముందు వెళ్ళి చేరతారు, నువ్వు ఏడాది నిండే దాకా ఆ ఇంట్లోనే ఉండు. లోన్‌లో పేరున్నవాళ్ళలో ఒకరు ఉంటే సాధారణంగా సరిపోతుంది. కొత్త సంసారం, విడిగా ఉండాలంటే బెంగగా ఉంటుందని నాకు తెలుసు. మూడు నాలుగు నెలల బెంగే కదా, ఆ మధ్యలో నేను వచ్చి నీ దగ్గర ఉంటాను.

అనుమతి చేతికి వచ్చాక, అద్దెదారు దిగకముందే పాలసీని ల్యాండ్‌లార్డ్ పాలసీగా మార్పించు. హెచ్‌ఓఏ (కాలనీలోని ఇళ్ళ యజమానుల సంఘం) నిబంధనల్లో అద్దె గురించి ఏముందో చదువు, కొన్నిచోట్ల కొన్న మొదటి ఏడాది అద్దెకివ్వనివ్వరు. హోమ్‌స్టెడ్ సంగతి పన్ను కోసం ఇళ్ళకు విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు నువ్వే తెలియజెయ్యి. అది పోతే స్కూలు పన్నులో 1,40,000 డాలర్ల విలువ మీద నీకున్న మినహాయింపు పోతుంది, పన్ను లెక్కించే విలువ ఏడాదికి 10 శాతం దాటి పెరగకుండా ఉన్న కట్టుబాటు కూడా పోతుంది. పన్నుకూ ఇన్సూరెన్సుకూ వాయిదాతో పాటు కట్టే ఎస్క్రో పెరిగి నెల వాయిదా పెరుగుతుంది కాబట్టి, ఈనాటి వాయిదాను చూసి అద్దె నిర్ణయించవద్దు. ఇల్లు పాతబడినందుకు ఏటా లెక్కల్లో తగ్గించి చూపే డిప్రిసియేషన్, అమ్మినప్పుడు వచ్చే పన్ను, ఐదేళ్ళలో రెండేళ్ళు నివసించి ఉండాలన్న నియమం, ఇవన్నీ పన్నుల లెక్కలు చూసే మంచి సీపీఏ దగ్గర కూర్చుని తెలుసుకో.

ఇక అద్దెదారుల మాట. "తెలుగు ఫ్యామిలీకే, వెజిటేరియన్లకే" అని మన వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే ప్రకటనలు నువ్వు పెట్టవద్దు. మతాన్నో, పుట్టిన దేశాన్నో చూసి ఇల్లు ఇవ్వకపోవడం 1968 నుంచీ, పిల్లలున్నారా లేదా అన్నది చూసి ఇవ్వకపోవడం 1988లో చేసిన సవరణ నుంచీ ఈ దేశంలో చట్టవిరుద్ధం. చట్టం ఉన్నా లేకపోయినా మనం అలా చేయకూడదు. ఒంగోలులో మా చిన్నతనమంతా అద్దె ఇళ్ళలోనే గడిచింది. ఒక ఇంటావిడ మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, రెండో బిందె పట్టుకోగానే కుళాయి కట్టేసేది. ఇల్లు ఖాళీ చేసిన రోజున గోడకు మేకు కొట్టారని అడ్వాన్సు అంతా ఉంచేసుకుంది. మీ తాతయ్య ఆవిడ గుమ్మంలో నిలబడి ఏమీ అనలేక తిరిగి రావడం నేనూ మీ అమ్మా చూశాం. నువ్వు మాత్రం టెక్సస్ చట్టం చెప్పినట్టు, వాళ్ళు ఖాళీ చేసి కొత్త చిరునామా ఇచ్చాక 30 రోజుల లోపు డిపాజిట్ తిరిగి ఇచ్చెయ్యి. మామూలు వాడకం వల్ల వచ్చిన అరుగుదలకు డబ్బు పట్టుకోవద్దు. జులై ఎండలో ఏసీ ఆగిపోతే ఆ రోజే మనిషిని పంపు. తాళాలు మార్పించడం మరచిపోకు. సియాటిల్ నుంచి ఇవన్నీ చూసుకోవడం కష్టం కనుక, నమ్మకమైన ప్రాపర్టీ మేనేజరును పెట్టుకోవడానికి డబ్బుకు వెనకాడకు.

ఈ ఆదివారం లోపు ఆ ఆరో సెక్షన్ ఉన్న పేజీ ఫోటో తీసి నాకు పంపు. సర్వీసరుకు రాసే ఉత్తరం నువ్వే రాయి, నేను చదివి దిద్దుతాను. ఉన్నది ఉన్నట్టు రాసే ఉత్తరం కనుక ఎన్నిసార్లు కావాలన్నా దిద్దిపెడతాను. జవాబు వచ్చేదాకా ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోవద్దు, లీజు మీద సంతకం పెట్టవద్దు.

ఇట్లు,
నీ పెద్దమ్మ